లిస్ట్‌బాక్స్‌లో ఎరుపు ఎక్కడుంటుంది?

ఒడిశాలోని బరంపురం బడా బజారులో ఒక టోకు బట్టల కొట్టులో బాకీల లెక్క చూపే పాత ప్రోగ్రాము ఒకటి ఇప్పుడు నా బాధ్యతలో ఉంది. అది విజువల్ బేసిక్ 6లో రాసినది. రాసిన మనిషి ఊరు వదిలి వెళ్ళిపోయాడు గానీ సోర్సు కోడు మాత్రం కొట్టులోనే ఉండిపోయింది. తెర నిండా ఒకటే జాబితా: ఖాతాదారు పేరు, ఊరు, జీఎస్‌టీ నంబరు, రావలసిన మొత్తం, చివరిసారి జమ పడిన తేదీ. వరుసల్లో కొన్ని ఎర్రగా, కొన్ని పసుపుగా, కొన్ని లేత నీలంగా ఉంటాయి. కొన్నిచోట్ల వరుస తెల్లగానే ఉండి, మొత్తం చూపే గడి ఒక్కటే రంగు మారి ఉంటుంది. పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంటాయి, ఎందుకంటే ఆ కాలపు విజువల్ బేసిక్ కంట్రోళ్ళకు యూనికోడ్ తెలియదు. తెలుగు పేరు కొట్టినా ఒడియా పేరు కొట్టినా పక్షపాతం లేకుండా ప్రశ్నార్థకాలే కనిపిస్తాయి.

ఆ కొట్టు గుమస్తా గారు ఒకరోజు, "బాబూ, ఈ ఎర్రవన్నీ ఒక కాయితం మీదకి తీసియ్యి, సోమవారం గుణుపురం లైనుకి ఎల్లాల" అన్నారు. వినడానికి ఇది ఒక పూట పని. తెర మీద ఎర్రగా ఉన్న వరుసలను ఏరి అచ్చు తీయడమే కదా అనిపిస్తుంది. కంటికి కనబడే ఎరుపు కోడుకు కూడా కనబడుతుందనే నమ్మకం మీద ఆ అంచనా నిలబడి ఉంది. ఆ నమ్మకం ఎంతవరకు నిజమో, నిజం కాని చోట ఏం చేయాలో ఈ టపాలో వివరంగా రాస్తున్నాను. పాత ప్రోగ్రాములను కొత్త వేదికల మీదకు తెచ్చే పనిలో ఉన్నవాళ్ళందరికీ ఈ చిక్కు ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది.

ముందుగా విండోస్‌లోని అసలు లిస్ట్‌బాక్స్, అంటే వరుసలను జాబితాగా చూపే పెట్టె, సంగతి చూద్దాం. దానికి వరుస రంగు అనే భావనే లేదు. ఒక వరుసలోని అక్షరాలను అడిగితే చెబుతుంది, అది ఎంపికై ఉందో లేదో చెబుతుంది, తెర మీద ఏ చతురస్రంలో ఉందో కొలతలు ఇస్తుంది. నీ రంగేమిటని అడగడానికి మాత్రం దాని సందేశాల పట్టికలో సందేశమే లేదు. మామూలు లిస్ట్‌బాక్స్ తనను తాను గీసుకునే ముందు తన మాతృ విండోకు ఒక సందేశం పంపి, నేపథ్యానికి ఏ బ్రష్ వాడాలని అడుగుతుంది. ఆ జవాబు పెట్టె మొత్తానికి ఒక్కటే, వరుసకొకటి కాదు. వరుసకొక రంగు కావాలంటే గీసే బాధ్యతను మనం తీసుకోవాలి. దాన్ని ఓనర్‌డ్రా అంటారు. అప్పుడు ఒక వరుసను గీయవలసిన ప్రతిసారీ విండోస్ మనకు డబ్ల్యూఎం డ్రాఐటమ్ అనే సందేశం పంపుతుంది. వరుస సంఖ్య, అది ఎంపికైన స్థితిలో ఉందా లేదా, గీయవలసిన చతురస్రం, గీతకు వాడే డివైస్ కాంటెక్స్ట్ (మనం గీసే పలక లాంటిది), ఆ వరుసకు మనం ముందే తగిలించి ఉంచిన ఒక సంఖ్య అందులో ఉంటాయి. మన కోడు ఒక బ్రష్ తయారుచేసి, ఆ చతురస్రాన్ని ఎర్రగా నింపి, దాని మీద అక్షరాలు రాసి ఊరుకుంటుంది. గీత పూర్తయ్యాక ఆ ఎరుపు గురించి లిస్ట్‌బాక్స్‌కు ఏమీ గుర్తుండదు. జాబితాను పైకి జరిపి మళ్ళీ కిందికి తెస్తే, బయటికి పోయి వచ్చిన ప్రతి వరుసకూ మళ్ళీ అదే సందేశం వస్తుంది, మన కోడు మళ్ళీ నిర్ణయించి మళ్ళీ గీస్తుంది. నిర్ణయించే షరతు ఈ మధ్యలో మారి ఉంటే, ఇందాక ఎర్రగా వెళ్ళిన వరుస తెల్లగా తిరిగి రావచ్చు.

కాబట్టి ఓనర్‌డ్రా లిస్ట్‌బాక్స్‌లో ఒక వరుస రంగు చదవాలంటే, ఆ రంగును నిర్ణయించిన కోడునే అడగాలి. అది వరుసకు తగిలించిన సంఖ్యను చూసి నిర్ణయిస్తుంటే ఆ సంఖ్యను చదవవచ్చు. విజువల్ బేసిక్ 6లో దాన్ని ఐటమ్‌డేటా అంటారు, అది లాంగ్ రకపు సంఖ్య. రంగు కూడా అదే రకం గనుక చాలామంది రంగునే నేరుగా అందులో పడేస్తారు. నా ఉద్దేశంలో ఆ చోటును రంగుకు ఖర్చుపెట్టడం దుబారా. అక్కడ ఖాతా నంబరు ఉంటే దాని నుంచి రంగు, బాకీ, ఫోను నంబరు అన్నీ తెలుస్తాయి. రంగే ఉంటే రంగు తప్ప మరేదీ తెలియదు.

ఇక్కడికి వచ్చేసరికి చాలామందికి తట్టే అడ్డదారి తెర మీది పిక్సెల్‌ను చదవడం. గెట్‌పిక్సెల్ అనే ఫంక్షన్‌కు డివైస్ కాంటెక్స్ట్‌నూ రెండు కొలతలనూ ఇస్తే ఆ చుక్క రంగు వెనక్కి వస్తుంది. చేసి చూస్తే మొదటి వరుసకు సరిగ్గానే పనిచేస్తుంది, అందుకే ఇది ప్రమాదకరం. జాబితాలో వందల ఖాతాలు ఉన్నా తెర మీద ఒకసారికి కనిపించేవి పాతికో ముప్పయ్యో. మిగిలినవాటికి పిక్సెళ్ళే లేవు. కత్తిరింపు హద్దుకు బయట ఉన్న చుక్కను అడిగితే చెల్లని రంగు అనే ప్రత్యేక విలువ వస్తుంది. విజువల్ బేసిక్ లాంగ్‌లో అది −1గా కనిపిస్తుంది. ఎంపికైన వరుస ఎరుపును వదిలి ఎంపిక రంగులో ఉంటుంది గనుక, గుమస్తా గారు ఏ వరుస మీద క్లిక్ చేసి ఉంచారో ఆ ఒక్క ఖాతా ఎప్పుడూ జాబితా నుంచి జారిపోతుంది. చుక్క అక్షరం మీద పడితే అక్షరం రంగు వస్తుంది, అక్షరం అంచు మీద పడితే ఎరుపుకూ నలుపుకూ మధ్య ఉండే ఏదో మిశ్రమం వస్తుంది. షావుకారు గారు ఇంటి నుంచి రిమోట్ డెస్క్‌టాప్‌లో, అదీ రంగుల లోతు తగ్గించి చూస్తుంటే, మనం గీసిన ఎరుపు కాస్త అటూ ఇటూ జరిగి వస్తుంది కాబట్టి సమానమా అనే పరీక్ష ఎప్పుడూ నెగ్గదు. ఇన్ని చిక్కుల్లో ఏ ఒక్కటీ ప్రోగ్రామును ఆపదు. కాగితం మీద కొన్ని పేర్లు తగ్గుతాయి, అంతే. వసూలు జాబితాలో పేరు తగ్గిందని గమనించేవాళ్ళు ఎవరూ ఉండరు, తగ్గిన పేరు గలవాడు తప్ప.

అయితే మనది కాని ప్రోగ్రాములోని జాబితాను బయటి నుంచి చదవవలసి వస్తే, సోర్సు కోడు దొరకని పక్షంలో, పిక్సెల్ తప్ప గతి ఉండకపోవచ్చు. అప్పుడు వరుస చతురస్రాన్ని లిస్ట్‌బాక్స్‌నే అడిగి, కుడి అంచుకు దగ్గరగా అక్షరాలు రాని చోట చుక్కను తీసుకుని, ఎంపికను ముందు తొలగించి, ఒక్కో వరుసనూ పైకి తెచ్చి చదవాలి. మామూలు లిస్ట్‌బాక్స్ సందేశాలను ఒక ప్రాసెస్ నుంచి మరొక ప్రాసెస్‌కు విండోస్ తానే మోసుకెళుతుంది కాబట్టి చతురస్రం కొలతలు సరిగ్గానే వస్తాయి. అదే లిస్ట్‌వ్యూ అయితే ఆ సదుపాయం లేదు. అవతలి ప్రాసెస్ మెమరీలో చోటు కేటాయించి, అక్కడ రాయించి, తిరిగి చదువుకోవాలి. ఇది చేయలేని పని కాదు గానీ, ఇంత శ్రమ పడే ముందు ఆ ప్రోగ్రాము డేటాబేసు ఎక్కడుందో వెతకడం మేలని నేననుకుంటాను.

మా కొట్టు ప్రోగ్రాములో ఉన్నది, అందరూ లిస్టు అని పిలుస్తున్నా, నిజానికి లిస్ట్‌బాక్స్ కాదు. అది ఎంఎస్ ఫ్లెక్స్‌గ్రిడ్ అనే గడుల పట్టిక. దీనికి రంగు గుర్తుంటుంది. ప్రతి గడికీ సెల్‌బ్యాక్‌కలర్, సెల్‌ఫోర్‌కలర్ అనే రెండు విలువలు ఉంటాయి, వాటిని చదవవచ్చు కూడా. కాకపోతే వరుస సంఖ్య, కాలమ్ సంఖ్య ఇచ్చి ఫలానా గడి రంగు చెప్పమని అడిగే వీలు లేదు. ఆ ప్రాపర్టీ ఎప్పుడూ ప్రస్తుత గడి గురించే మాట్లాడుతుంది. పదిహేనో వరుస రంగు కావాలంటే గ్రిడ్‌ను పదిహేనో వరుసలో నిలబెట్టి అడగాలి. వరుసను మార్చగానే వాడుకరి ఎంపిక చేసి ఉంచిన పట్టీ చెదిరిపోతుంది. అంతకన్నా ముఖ్యంగా, గడి మారిన ప్రతిసారీ లీవ్‌సెల్, ఎంటర్‌సెల్, రోకాల్‌చేంజ్ అనే ఈవెంట్లు మోగుతాయి. ఈ ప్రోగ్రాములో రోకాల్‌చేంజ్ లోపల, ఎంపికైన ఖాతా వివరాలను డేటాబేసు నుంచి తెచ్చి తెర అడుగున చూపే కోడు ఉంది. అంటే రంగులు చదవడానికని జాబితా పై నుంచి కిందికి నడిస్తే, ఒక్కో అడుగుకూ డేటాబేసును అడిగే ఒక్కో క్వెరీ నడుస్తుంది. అందుకని నడక మొదలుపెట్టే ముందు ప్రస్తుత వరుసనూ కాలమ్‌నూ ఎంపిక హద్దులనూ దాచుకుని, గ్రిడ్‌ను మళ్ళీ మళ్ళీ గీయించే రీడ్రా ప్రాపర్టీని ఆపి, రంగులు చదువుతున్నామని తెలిపే ఒక బూలియన్‌ను (నిజమో కాదో మాత్రమే దాచే విలువను) నిజం చేసి, ఆ ఈవెంట్ల మొదటి పంక్తిలోనే అది నిజమైతే వెనుదిరిగేలా రాయాలి. పని ముగిశాక అన్నిటినీ యథాస్థానంలో పెట్టాలి, పెట్టే భాగం పొరపాటు దారిలో కూడా నడిచేలా చూడాలి. లేకపోతే మధ్యలో ఏ లోపం వచ్చినా రీడ్రా ఆగిపోయిన గ్రిడ్ బొమ్మలా ఉండిపోతుంది.

ఫ్లెక్స్‌గ్రిడ్‌లో నలుపు విషయంలో ఒక చిత్రమైన నియమం ఉంది. సెల్‌బ్యాక్‌కలర్ సున్నా అయితే దాని అర్థం నలుపు కాదు, ప్రత్యేక రంగు ఏదీ లేదు, గ్రిడ్ మామూలు రంగే వాడు అని. నిజంగా నల్లగా కావాలంటే సున్నాకు బదులు ఒకటి ఇవ్వమని దాని సహాయ పత్రంలోనే రాసి ఉంది. ఆ రెండు నలుపుల తేడా ఏ కంటికీ తెలియదు. చదివేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి: సున్నా వస్తే గ్రిడ్ బ్యాక్‌కలర్‌ను విడిగా అడిగి తెచ్చుకోవాలి.

వరుస రంగు, గడి రంగు అనే తేడా కూడా ఇక్కడే ముడిపడుతుంది. ఫ్లెక్స్‌గ్రిడ్‌లో వరుస రంగు అనేదే లేదు. వరుస మొత్తాన్ని ఎంపిక చేసి, ఫిల్‌స్టైల్‌ను పునరావృతంగా ఉంచి, ఒకసారి రంగు ఇస్తే ఆ వరుసలోని గడులన్నిటికీ అదే విలువ చేరుతుంది. మనం దాన్ని వరుస రంగు అనుకుంటాం. తరువాత అందులో మొత్తం చూపే గడికి అప్పు పరిమితి దాటిందని వేరే రంగు వేస్తే, ఆ వరుస రంగేమిటనే ప్రశ్నకు ఏ గడి సాక్ష్యం చెప్పాలి? మా ప్రోగ్రాములో పేరు గడికి విడిగా రంగు వేసే కోడు ఎక్కడా లేదు. కాబట్టి వరుస రంగుకు పేరు గడినీ పరిమితి రంగుకు మొత్తం గడినీ సాక్షులుగా ఎంచుకున్నాను. ఈ ఎంపిక ఏ పుస్తకంలోనూ ఉండదు. రంగు వేసే కోడు ఏయే గడులను ముట్టుకుంటోందో ఒక్కో ప్రోగ్రాములో చదివి తేల్చుకోవలసిందే.

ఇప్పుడు ఎర్ర వరుసల దగ్గరికి వస్తాను. పేరు గడి రంగు చదివి, అది 255 అయితే ఎరుపు అని పెట్టుకుంటే సరిపోతుందా? విజువల్ బేసిక్‌లో శుద్ధమైన ఎరుపు విలువ 255, ఎందుకంటే విండోస్ రంగు సంఖ్యలో ఎరుపు చిట్టచివరి బైటులో, నీలం చివరి నుంచి మూడో బైటులో ఉంటాయి; వెబ్ పేజీల అలవాటు ఉన్నవాళ్ళు దీన్ని తిరగేసి చదువుతారు. కానీ మా జాబితాలో 255తో పాటు 8421631 కూడా విరివిగా కనబడింది. అది విండోస్ రంగుల పెట్టెలో మొట్టమొదట కనిపించే గులాబీ ఛాయ ఎరుపు. కోడు ఎక్కడా ఆ సంఖ్యను వాడలేదు. సంగతేమిటంటే, ఈ ప్రోగ్రాములో ఎరుపుకు ఇద్దరు కర్తలు ఉన్నారు. తొంభై రోజులు దాటిన బాకీని జాబితా తెరిచిన క్షణంలో కోడే లెక్కగట్టి 255తో ఎర్రగా చేస్తుంది, అది ఎక్కడా దాచుకోదు. రెండో కర్త గుమస్తా గారు. వరుస మీద కుడి బటన్ నొక్కితే రంగుల పెట్టె తెరుచుకునే ఏర్పాటు ఒకటి ఉంది. ఆయనకు అనుమానం తోచిన ఖాతాకు దానితో ఏదో ఒక ఎరుపు వేస్తారు, ఆ సంఖ్య మైక్రోసాఫ్ట్ యాక్సెస్ డేటాబేసు టేబుల్‌లో రంగు అనే కాలమ్‌లో భద్రమవుతుంది. వేసిన రంగు తీసేయాలనుకుంటే మరొక బటన్ ఉంది, అది తెలుపుకు బదులు విండో నేపథ్యం అనే సిస్టమ్ రంగును రాస్తుంది. టేబుల్‌లో అది −2147483643గా కనబడుతుంది. ఆ రుణ సంఖ్యను చూసి డేటా పాడైందనుకోవడం సులభం. అది పాడైన డేటా కాదు, గుమస్తా గారి క్షమాభిక్ష.

రెండు రకాల ఎరుపుల సంగతి ఆయనకు చెప్పి, కాగితం మీదకు రెండూ రావాలా అని అడిగాను. "రోజులు దాటినోళ్ళకి ఫోను సాలు బాబూ. నే ఎర్ర సేసినోళ్ళ గుమ్మంలోకే ఎల్లాల" అన్నారు. అంటే ఆయన అడిగిన ఎరుపు తెర మీది ఎరుపులో ఒక భాగం మాత్రమే. గ్రిడ్‌ను ఎంత జాగ్రత్తగా నడిచి, ఎంత కచ్చితంగా సెల్‌బ్యాక్‌కలర్ చదివినా ఆ భాగం విడిపోదు, ఎందుకంటే రంగుల పెట్టెలో శుద్ధమైన ఎరుపు కూడా ఉంది; ఆయన దాన్ని ఎంచుకున్న చోట ఇద్దరు కర్తలూ ఒకే 255ను వేశారు. తొంభై రోజులు దాటి, ఆయన అనుమానమూ తోడైన ఖాతాలో అయితే ఒక ఎరుపు కింద మరొకటి కప్పబడి ఉంటుంది. తెర మీద ఇద్దరి పని కలిసిపోయాక, గీసినదాన్ని చదివి గీసినవాణ్ణి కనిపెట్టడం కుదరదు. కోడు వేసే ఎరుపుకు తేదీలను అడగాలి, చేత్తో వేసిన ఎరుపుకు టేబుల్‌లోని కాలమ్‌ను అడగాలి. గుణుపురం కాగితానికి చివరికి వాడినది గ్రిడ్‌ను ఏమాత్రం ముట్టుకోని ఒక చిన్న క్వెరీ.

ఈ ప్రోగ్రామును మైక్రోసాఫ్ట్ వారి తరువాతి వేదిక డాట్‌నెట్‌లోకి మార్చే పని కూడా దీనితో పాటే మొదలైంది కాబట్టి అక్కడి సంగతులు కూడా రాస్తాను. డాట్‌నెట్‌లో తెరలు కట్టే విన్‌ఫార్మ్స్‌లోని లిస్ట్‌బాక్స్ అడుగున ఉన్నది అదే పాత లిస్ట్‌బాక్స్. డ్రామోడ్ మార్చి డ్రాఐటమ్ ఈవెంట్ రాయాలి, రంగు మళ్ళీ మన చేతిలోనే. ఆ ఈవెంట్‌తో పాటు వచ్చే బ్యాక్‌కలర్ మనం వేసిన రంగు కాదు, కంట్రోల్ సూచిస్తున్న రంగు. ఎంపికైన వరుసకు అది ఎంపిక రంగు అవుతుంది.

లిస్ట్‌వ్యూ కాస్త ఉదారమైనది. ఒక్కో ఐటమ్‌కూ ఒక్కో సబ్‌ఐటమ్‌కూ బ్యాక్‌కలర్ ఉంటుంది, ఎక్కడా నిలబడకుండానే చదవవచ్చు. అయితే యూజ్‌ఐటమ్‌స్టైల్‌ఫర్‌సబ్‌ఐటమ్స్ అనే పొడవాటి పేరు గల ప్రాపర్టీ ఒకటి మొదటి నుంచే నిజమై ఉంటుంది. అది నిజమైనంత కాలం ఐటమ్ రంగే వరుస పొడవునా పరుచుకుంటుంది. అప్పుడు మూడో కాలమ్ సబ్‌ఐటమ్ బ్యాక్‌కలర్ చదివితే, తెర మీద ఎర్రగా ఉన్నా చేతికి వచ్చేది లిస్ట్‌వ్యూ నేపథ్యపు తెలుపే. ఎందుకంటే సబ్‌ఐటమ్ తనకు సొంత రంగు లేకపోతే నేరుగా లిస్ట్‌వ్యూను అడుగుతుంది, మధ్యలో ఉన్న ఐటమ్‌ను అడగదు. కాబట్టి ముందు ఆ ప్రాపర్టీ చూసి, అది నిజమైతే ఐటమ్‌నూ, కాకపోతే సబ్‌ఐటమ్‌నూ అడగాలి.

డేటాగ్రిడ్‌వ్యూ 2005లో డాట్‌నెట్ 2.0తో వచ్చింది. అందులో రంగు పొరలు పొరలుగా ఉంటుంది. గడి సొంత స్టైల్, దాని కింద వరుస స్టైల్, ఆ కింద ఒకటి విడిచి ఒకటిగా వచ్చే వరుసల స్టైల్, అన్ని వరుసల స్టైల్, కాలమ్ స్టైల్, అట్టడుగున గ్రిడ్ మొత్తం స్టైల్. పై పొరలో రంగు ఖాళీగా ఉంటే కింది పొర కనబడుతుంది. గడి స్టైల్ లోని బ్యాక్‌కలర్ చదివి ఖాళీ విలువ వచ్చిందని కంగారుపడేవాళ్ళు చాలామంది. వాళ్ళు చదవవలసినది ఇన్‌హెరిటెడ్‌స్టైల్, అది పొరలన్నిటినీ కలిపిన ఫలితాన్ని ఇస్తుంది. గడికి సొంత స్టైల్ ఉందా అని తెలుసుకోవడానికి హ్యాజ్‌స్టైల్ అడగడం మంచిది, ఎందుకంటే స్టైల్ ప్రాపర్టీని ముట్టుకోవడమే లేని స్టైల్‌ను పుట్టిస్తుంది. వేల గడులు చదివితే వేల ఖాళీ స్టైళ్ళు మెమరీలో మిగిలిపోతాయి.

ఇంత వివరంగా ఉన్న గ్రిడ్ కూడా ఒకచోట చేతులెత్తేస్తుంది. సెల్‌ఫార్మాటింగ్ అనే ఈవెంట్‌లో వేసిన రంగు ఇన్‌హెరిటెడ్‌స్టైల్‌లో కనిపించదు. అది గీసే క్షణానికి మాత్రమే చెల్లే రంగు, పాత డ్రాఐటమ్‌కు వారసుడు. మా కొట్టులో దీనికి చక్కని ఉదాహరణ జీఎస్‌టీ గడి. సరిహద్దు మీది వ్యాపారం కాబట్టి ఖాతాదారుల్లో సగం ఇటు, సగం అటు. పర్లాకిమిడి ఒడిశాలో ఉంది, పక్కనే ఉన్న పాతపట్నం ఆంధ్రలో ఉంది. ఒకే రోజు, ఒకే వ్యానులో, ఒకే రకం చీరలు ఆ రెండు ఊళ్ళకూ వెళతాయి. 2017 జూలై 1 నుంచి పర్లాకిమిడి బిల్లుకు కేంద్ర పన్ను, రాష్ట్ర పన్ను రెండుగా విడిపోయి పడతాయి, పాతపట్నం బిల్లుకు రాష్ట్రాల మధ్య అమ్మకాల మీది ఐజీఎస్‌టీ ఒక్కటే పడుతుంది. ఇచ్ఛాపురం కూడా పాతపట్నం లెక్కే. బిల్లు రాసేవాళ్ళు తడబడకుండా, నంబరులోని మొదటి రెండు అంకెలు 21 (ఒడిశా) అయితే గడిని తెల్లగా వదిలి, 37 (ఆంధ్ర) అయితే లేత ఆకుపచ్చ చేసే కోడును సెల్‌ఫార్మాటింగ్‌లో పెట్టాను. ఆకుపచ్చ గడులు ఎన్ని అని తరువాత ఎవరైనా అడిగితే గ్రిడ్ దగ్గర జవాబు ఉండదు, ఉండనక్కరలేదు; 37తో మొదలయ్యే నంబర్లు ఎన్ని అని అడిగితే చాలు.

రంగులను పోల్చేటప్పుడు డాట్‌నెట్‌లో మరొక గుంట ఉంది. కలర్.రెడ్ అనే పేరున్న ఎరుపునూ, 255, 0, 0 అనే మూడు సంఖ్యలతో తయారుచేసిన ఎరుపునూ సమానమా అని అడిగితే కాదంటుంది. ఒకదానికి పేరుంది, రెండోదానికి లేదు, పోలికలో పేరు కూడా లెక్కకు వస్తుంది. రెండిటినీ టుఆర్గ్బ్ ద్వారా సంఖ్యలుగా మార్చి పోల్చాలి. పాత టేబుల్‌లోని సంఖ్యలను కొత్త రంగులుగా మార్చేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త కావాలి. పాత 255ను నేరుగా ఫ్రమ్‌ఆర్గ్బ్‌కు ఇస్తే అది చివరి బైటును నీలంగా, పైబైటును పారదర్శకతగా చదువుతుంది. గుమస్తా గారి ఎరుపు పూర్తిగా పారదర్శకమైన నీలమైపోతుంది. కలర్‌ట్రాన్స్‌లేటర్‌లోని ఫ్రమ్‌ఓఎల్ఈ ఈ తారుమారును సరిచేయడమే కాక, ఆ క్షమాభిక్ష సంఖ్యను కూడా విండో నేపథ్యంగా గుర్తుపడుతుంది.

కొత్త ప్రోగ్రాములో మాత్రం రంగును దాచే కాలమ్ వద్దనుకున్నాను. ఒక ఫంక్షన్ ఖాతా వివరాలు తీసుకుని దాని స్థితులను చెబుతుంది: గడువు దాటింది, స్వయంగా వెళ్ళాలి, పరిమితి దాటింది. ఒక ఖాతాకు రెండు మూడు స్థితులు ఒకేసారి ఉండవచ్చు కాబట్టి అది ఒక సమితిని ఇస్తుంది. రెండో ఫంక్షన్ ఆ సమితిని చూసి ఏ స్థితికి ప్రాధాన్యమో తేల్చి రంగు ఇస్తుంది. తెర గీసే కోడు రెండిటినీ పిలుస్తుంది, అచ్చు తీసే కోడు మొదటిదాన్నే పిలుస్తుంది. కొట్టులో ఉన్నది డాట్‌మ్యాట్రిక్స్ ప్రింటరు, దానికి రంగులతో పని లేదు. కాగితం మీద పేరు పక్కన స్థితి మాటల్లో పడుతుంది.

పాత రంగు కాలమ్‌ను ఈ స్థితుల్లోకి మార్చడం కోడు ఒక్కటే చేయగలిగిన పని కాదు. టేబుల్‌లో ఎన్ని రకాల సంఖ్యలు ఉన్నాయో క్వెరీతో తీసి, ఒక్కో రంగుకు ఒక్కో నమూనా పట్టీ గీసి, గుమస్తా గారి పక్కన కూర్చుని ఒక్కోదాని అర్థం అడిగాను. ఎరుపులన్నీ ఒకటే అని తేలింది. పసుపులు రెండు: ఒకటి వాయిదా చెప్పినవాళ్ళు, రెండోది చెక్కు ఇచ్చినవాళ్ళు, ఆ రెండు పసుపులూ పక్కపక్కన పెడితే తప్ప నాకు వేరుగా కనబడలేదు, ఆయన మాత్రం చూడగానే చెప్పారు. లేత నీలం దగ్గర కాసేపు ఆలోచించి, అవి ఠాకురాణి యాత్రకు సరుకు పట్టుకెళ్ళినవాళ్ళ ఖాతాలన్నారు. బరంపురంలో ఆ యాత్ర రెండేళ్ళకొకసారి జరుగుతుంది. మళ్ళీ యాత్ర వచ్చేలోగా తీర్చాలన్నది షరతట. తొంభై రోజుల నియమం రాసిన మనిషికి ఈ షరతు ఎవరూ చెప్పినట్టు లేదు, ఎందుకంటే ఆ ఖాతాలన్నీ కోడు లెక్కలో ఎరుపే. గుమస్తా గారు చేత్తో వేసిన నీలం ఆ ఎరుపును కప్పడానికే పుట్టింది. కొత్త ప్రోగ్రాములో దానికి యాత్ర అప్పు అనే స్థితి, గడువు తేదీ రాసుకునే చోటు ఇచ్చాను.

రంగుల పెట్టెకు బదులు కుడి బటన్ కింద ఇప్పుడు ఈ స్థితుల పట్టిక తెరుచుకుంటుంది. కారణం చెప్పకుండా రంగు వేసే వీలు లేకపోవడం గుమస్తా గారికి అంతగా నచ్చలేదు. కొందరి విషయంలో కారణం రాసిపెట్టడం బాగుండదని ఆయన అన్నారు, అది నిజమే. పట్టిక చివర "ఇతరం" అనే ఊదారంగు స్థితి ఒకటి చేర్చి, దాని పక్కన రాసుకోవడానికి ఖాళీ పెట్టె ఉంచి, ఆ పెట్టెలోని మాట అచ్చులో పడకుండా చేశాను.